స్వీడనూ, నా మైదా జిగురూ

పొద్దున్నే ఈ రేవు దగ్గర పొట్టిక్కల కొట్టులో కూర్చుని ఏం చేస్తున్నానని కదా అడుగుతున్నారు? చెబుతాను, కూర్చోండి. మీరు టీ చెప్పుకోండి. నేను ఇప్పటికే రెండు తాగేను, ఇంకా ఎంతసేపు కూర్చోవాలో తెలియదు. మొన్న శుక్రవారం మా స్కూల్లో జరిగిన దాని ఫలితం ఇది. పదకొండేళ్లుగా నా చేత్తో నేను పూసిన జిగురు చివరికి నాకే అంటుకుందండి. అప్పుడే నవ్వకండి. నవ్వే చోటు ఇంకా చాలా దూరం ఉంది.

ముందు జిగురు సంగతి. మా ఐదో ఫారం సైన్సు పుస్తకంలో చివరి నుంచి రెండో పాఠం ఒకటుంది, 'ప్రజననము' అని. మనిషి ఎలా పుడతాడో చెప్పే పాఠం. ఆరే ఆరు పేజీలు. నాకు ముందున్న సైన్సు మాస్టారు రిటైరై వెళ్ళిపోతూ నాకు చార్జి ఇచ్చేరు. రెండు బీకర్లు, ఒక పగిలిన థర్మామీటరు, ఆయన పాఠ్యపుస్తకం. పుస్తకం నా చేతిలో పెట్టి, "ఆ ఆరు పేజీలూ ఏటా అంటించేయాలి నాయనా. ఆడపిల్లలున్న క్లాసు" అన్నారు. ఆయన పుస్తకంలో అప్పటికే అంటించేసి ఉన్నాయి. నేను ఆయ్ అన్నాను. కొత్త ఉద్యోగం, ఇంకేమంటాను?

అది మొదలు, ఏటా జూన్‌లో కొత్త పుస్తకాలు పడవ దిగగానే మా ఇంట్లో మైదా ఉడికేది. మా ఆవిడ పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, గిన్నెడు జిగురు చేసి ఇచ్చేది. పిల్లలు పుస్తకం కొన్నరోజే నా దగ్గరికి తేవాలని ఆర్డరు. నేను వరండాలో బల్ల వేసుక్కూర్చుని, ఒక్కొక్క పుస్తకమూ తీసి, పేజీకి పేజీ పూసి, అంచులు సరిచేసి, మీద ఇటిక పెట్టి ఆరబెట్టేవాణ్ణి. ఆరిన తరవాత అంచు సన్నగా నీలంగా కనిపించేది. చూస్తే ముచ్చటేసేదండి. పిల్లల తండ్రులు రోడ్డు మీద ఆపి మరీ నమస్కారం పెట్టేవారు. మా మాస్టారి చేతిలో పిల్లలు చెడిపోరు అనేవారు. నాకు ఊళ్ళో ఉన్న పేరంతా ఆ జిగురు వల్ల వచ్చిందే.

ఇంక ప్రభాకరం సంగతి. కిందటేడు ఇంకో సైన్సు మాస్టరుగా వచ్చేడండి ఈ ప్రభాకరం. అమలాపురం వాడు, మద్రాసులో ట్రైనింగు. ఇరవయ్యారేళ్లు ఉంటాయేమో. ఇస్త్రీ మడత నలగని బుష్ కోటు, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయడానికి, ఒకటి మనల్ని ఏడిపించడానికి. వచ్చిన వారానికే నా ఆరో ఫారం పిల్లలు నన్ను దాటుకుని ఆయన దగ్గరికి సందేహాలు పట్టుకెళ్ళడం మొదలెట్టేరు. నాకు అసూయ వేసిందా అంటారా? వేసిందండి. దాచుకోవడం ఎందుకు? ఆయన గొంతు వినిపిస్తే చాలు, నాకు అన్నం సయించేది కాదు. ఆఖరికి మా ఆవిడ కూడా, "ఆయన షర్టుకి పెట్టించినట్టు గంజి పెట్టించమంటారా మీకు?" అని అడిగింది. ఆ రోజు నేను పస్తున్నాను.

ఆయనకి మద్రాసు నుంచి ఏదో ఇంగ్లీషు పత్రిక వచ్చేది. అందులో ఒకసారి ఏ దేశంలో స్కూలు పిల్లలకి ఈ పుట్టుకల పాఠం ఎలా చెబుతారో రాసేరట. ఇంక చూడండి, స్టాఫ్ రూములో వారం రోజులు అదే కాలక్షేపం. స్వీడన్‌లో చట్టమే చేసేసేరట, ప్రతి స్కూల్లోనూ చెప్పి తీరాలని. అమెరికాలో గది చీకటి చేసి సినిమా వేసి చూపిస్తారట. ఇంగ్లండులో కుందేళ్ళ దగ్గర మొదలెట్టి మనుషుల దాకా వద్దామనుకునే సరికి సంవత్సరం అయిపోతుందట. ఫ్రాన్సులో అసలు చెప్పనే చెప్పరట. ఫ్రాన్సు వాళ్ళకి చెప్పడం ఎందుకని మా డ్రిల్లు మాస్టారు నవ్వేరు. అందరూ నవ్వేరు. తెలుగు పండితులు గారు సైతం ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని, "ఆ స్వీడను సంగతి మరొక్కసారి చెప్పండి" అని కుర్చీ ముందుకి జరుపుకున్నారు. పదకొండేళ్లలో నేను చెప్పిన మాటకి ఆయన ఒక్కసారి కుర్చీ జరపలేదండి.

నేను మూల కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించేను. ఆ వారంలో అందరికీ మార్కులు తక్కువే వచ్చేయి.

ఇదంతా ఎలాగో దిగమింగేవాణ్ణే. కాని అప్పుడే మా సీనియర్ సైన్సు అసిస్టెంటు గారికి కాకినాడ బదిలీ అయింది. ఆ ఉద్యోగం అంటే మీకు తెలీదు. చేతులున్న కుర్చీ, లేబరేటరీ బీరువా తాళంచెవి, స్టాఫ్ ఫొటోలో హెడ్మాస్టరు గారి పక్క స్థానం. పదకొండేళ్లుగా నేను చేతుల్లేని కుర్చీలో కూర్చుని ఆ కుర్చీ చేతులే చూస్తున్నాను. వరస ప్రకారం నాదే. కాని ఈసారి ఇనస్పెక్టరు గారు వచ్చి, ఇద్దరి పాఠాలూ విని, ఎవరికి ఇవ్వాలో రాసిపెట్టి వెళతారని కబురు వచ్చింది. ఇద్దరూ అంటే ఎవరు? నేనూ, ప్రభాకరమూ.

శుక్రవారం పొద్దున్న ఇనస్పెక్టరు గారు పడవలో వచ్చేరు. పెద్దమనిషి. పుస్తకాలు చదివే మనిషని చూస్తేనే తెలుస్తోంది. హెడ్మాస్టరు గారి గదిలో కొబ్బరినీళ్ళు ఇచ్చేం, పొట్టిక్కలు పెట్టేం. పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలన్నమాట, ఈ కొట్టులోంచి తెప్పించినవే. ఆయన పనసాకు విప్పుకుంటూ, ఈ మధ్య ఏం చదువుతున్నారని ఊరికే అడిగేరు. ప్రభాకరం ఇంక ఆగుతాడా? స్వీడన్ ఎత్తుకున్నాడు. ఇనస్పెక్టరు గారు తినడం మానేసి చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వింటున్నారండి. స్వీడన్ అయింది, అమెరికా అయింది. కుందేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన పకపకా నవ్వి, "మన దేశంలో ఇటువంటి పాఠం ధైర్యంగా చెప్పేవాడు ఒక్కడైనా ఉన్నాడంటారా!" అన్నారు.

నాకు ఆ కుర్చీ చేతులు రెండూ గోడ దూకి ప్రభాకరం ఇంటికి వెళ్ళిపోతున్నట్టు కనిపించింది. నోరు జారేను.

"స్వీడన్ దాకా ఎందుకండీ? ఇక్కడ నేను పదకొండేళ్లుగా చెబుతున్నాను" అన్నాను.

హెడ్మాస్టరు గారి చేతిలో కొబ్బరిబొండం అలాగే ఆగిపోయింది. ఆయనకి జిగురు సంగతి తెలుసు. ఆయన చిన్నకూతురి పుస్తకం నేనే అంటించేను. ప్రభాకరం నోరు తెరుచుకుని నా వంక చూసేడు. ఆ చూపు కోసం నేను ఏడాదిగా ఎదురుచూస్తున్నానండి. ఒక్క నిమిషం, సరిగ్గా ఒక్క నిమిషం, స్వర్గంలో ఉన్నాను. ఇనస్పెక్టరు గారు చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డారు.

"పదండి, ఐదో ఫారానికి వెళదాం. పిల్లల్ని నేనే అడుగుతాను" అన్నారు.

పై ప్రాణాలు పైనే పోయేయి. ఆ గదికీ క్లాసుకీ మధ్య వరండా ముప్ఫై అడుగులు ఉంటుందేమో. ఆ ముప్ఫై అడుగుల్లో నేను మూడు ఉపాయాలు పన్నేను. ఈవేళ పిల్లలు పుస్తకాలు తేలేదన్నాను. కిటికీలోంచి పుస్తకాలు కనిపిస్తున్నాయి. ఆ పాఠం ఎండాకాలంలో చెబుతానన్నాను. పుస్తకం చేతిలో ఉంటే పిల్లలు ముందే తిరగేసి ఉండరా, చూద్దాం అన్నారాయన. నాకు కళ్ళు తిరుగుతున్నాయన్నాను. అది నిజమే. దాన్నీ పట్టించుకోలేదు.

క్లాసులో పిల్లలంతా లేచి నమస్కారం పెట్టేరు. ఆయన ఆడపిల్లల బెంచీ దగ్గరికి వెళ్ళి, మొదట కూర్చున్న పిల్ల పుస్తకం తీసుకున్నారు. ఆ పిల్ల పేరు మహాలక్ష్మి. ఇదిగో, ఈ కొట్టు రాఘవమ్మ గారి కూతురే. ఆయన చివరి పేజీలు తిప్పుతున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. అతుక్కున్న పేజీలు చూస్తారు, ఇదేమిటని అడుగుతారు, కుర్చీ పోతుంది, ఉన్న ఉద్యోగం కూడా పోతుందేమో. ప్రభాకరం నవ్వుతాడు. నాకు అన్నిటికంటే ఆ నవ్వే ఎక్కువ భయమేసింది.

పేజీలు చిరిగిన చప్పుడు రాలేదు. ఒకటి, రెండు, మూడు అని హాయిగా తిరుగుతున్న చప్పుడు వచ్చింది. కళ్ళు తెరిచి చూసేను. ఆరు పేజీలూ తెరుచుకుని ఉన్నాయండి. కాస్త ముడతలు పడ్డాయి, అంచున నీలం అలాగే ఉంది, కాని ఒక్క అక్షరం చెక్కు చెదరలేదు.

ఇనస్పెక్టరు గారు పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని, ఏదో టిఫిను వాసన వస్తోందే అని తనలో తాను అనుకుని, తల్లి కడుపులో బిడ్డకి తిండి ఎలా అందుతుందని అడిగేరు.

మహాలక్ష్మి లేచింది. తల వంచుకుని, గొంతు మాత్రం ఎక్కడా తడబడకుండా, తల్లి రక్తంలోని పోషక పదార్థాలు మాయలోకి వచ్చి, అక్కణ్ణుంచి బొడ్డుతాడు గుండా బిడ్డకి చేరతాయని గడగడా చెప్పేసింది. ఆయన మగపిల్లల వైపు తిరిగి ఇంకోటి అడిగేరు. చేతులన్నీ లేచేయి. లెక్కల్లో ఎప్పుడూ సున్నా తప్ప ఎరగని సత్తిపండు కూడా చెప్పేడండి, తొమ్మిది నెలల్లో ఏ నెలకి బిడ్డ ఎంత ఎదుగుతుందో. ఆఖర్న ఆయన, పుట్టేది ఆడపిల్లో మగపిల్లాడో ఎవరిని బట్టి ఉంటుందని అడిగేరు.

"తండ్రిని బట్టండి. అందుకని ఆడపిల్లలు పుట్టేరని తల్లిని తిట్టకూడదండి" అంది మహాలక్ష్మి.

మా హెడ్మాస్టరు గారికి ఐదుగురు ఆడపిల్లలు. ఆ విషయమై ఆయన ఇంట్లో ఆవిణ్ణి ఏమంటుంటారో వీధి వీధంతటికీ తెలుసు. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్లు లెక్కపెట్టడం మొదలెట్టేరు. ఒక నిజం చెప్పమంటారా? నాకూ ఆ సంగతి అప్పటిదాకా తెలియదండి. సైన్సు మాస్టర్ని. పదకొండేళ్ల సర్వీసు. పిల్లల ముందు తల ఊపేను, తెలిసినట్టు.

ఇనస్పెక్టరు గారి మొహం వెలిగిపోయింది. "ఇంత బాగా ఎవరు నేర్పేరమ్మా మీకు?" అని అడిగేరు. క్లాసంతా నా వంక చూసింది. మహాలక్ష్మి నా వంక చూసింది. అబద్ధం ఆడని పిల్ల.

"మా మాస్టారు అన్ని పాఠాల కంటే ఈ పాఠానికే ఎక్కువ శ్రమ పడతారండి. జూన్‌లో ఒక్కొక్కరి పుస్తకమూ స్వయంగా తీసుకుని, ఈ ఆరు పేజీలూ దగ్గరుండి చూసుకుంటారండి. ఆయన అలా చెయ్యబట్టే మాకు చదవాలనిపించిందండి" అంది.

ఒక్క ముక్క అబద్ధం లేదు చూడండి. ఇనస్పెక్టరు గారు నా చెయ్యి పట్టుకుని ఊపేసేరు. ప్రభాకరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలోకి చూసేను. అచ్చంగా నాకు ఏడాది నుంచీ ఉన్న మొహమే అదండి. ఆ చూపే, ఆ పళ్ళు కొరుక్కోవడమే. దసరా, దీపావళి నాకు ఒకేసారి వచ్చేయి. చేతులున్న కుర్చీలో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అనుకుంటున్నాను.

అక్కడితో ఆయన బయటికి వచ్చేసుంటే నా కథ వేరుగా ఉండేది. రాలేదు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, సరదాకి, నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయర్రా అన్నారు.

ఉష్ణము పాఠం మూడు వారాలు చెప్పేనండి నేను. బొమ్మలు వేసేను, గొంతు చించుకున్నాను, నోట్సు రాయించేను. ఒక్క చెయ్యి లేవలేదు. సత్తిపండు లేచి యాభై అన్నాడు. పక్కవాడు సాయం చేద్దామని ఐదు వందలు అన్నాడు. అయస్కాంతం గురించి అడిగేరు. అసలు అటువంటి పాఠం ఉందా అన్నట్టు మొహాలు చూసుకున్నారు.

ఇనస్పెక్టరు గారు మధ్యాన్నం పుస్తకంలో రాసిన ముక్క హెడ్మాస్టరు గారు నాకు చదివి వినిపించేరు. ఈ మాస్టారు తన శక్తంతా ఒక్క కష్టమైన పాఠం మీద పెట్టి అద్భుతం సాధించేరట. అంచేత మిగతా పాఠాలకి టైము చాలినట్టు లేదట. కాబట్టి సీనియర్ అసిస్టెంటు పని, తక్కిన పాఠాలు, బీరువా తాళంచెవి ప్రభాకరానికి. ఇక నాలాంటి అరుదైన మనిషిని ఒక్క స్కూలుకే పరిమితం చెయ్యడం దేశానికి నష్టమట. అంచేత నెలాఖరు దాకా నేను గన్నవరం, కొత్తపేట, రాజోలు, అమలాపురం స్కూళ్లకి వెళ్ళి, అక్కడి మాస్టర్లందరి ముందూ ఈ పాఠం చెప్పి చూపించాలట. మొదటిది రేపు సోమవారం, గన్నవరంలో.

సాయంత్రం ప్రభాకరం వచ్చేడండి, చేతులున్న కుర్చీలోంచి లేచి మరీ. "నేను స్వీడన్ గురించి చదివేనంతే మాస్టారూ. మీరు చేసి చూపించేరు. ఎలా మొదలెడతారో నాకు కూడా చెప్పరూ?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎగతాళి చేసుంటే ఎంత బావుండేదో. అది ట్రేడు సీక్రెట్టని చెప్పి తప్పించుకున్నాను.

స్కూలు వదిలాక మహాలక్ష్మిని పిలిచి అడిగేను, ఆ పేజీలు ఎలా ఊడేయి అమ్మా అని. ఆ పిల్ల భయపడుతూనే చెప్పింది. కిందటేడు వాళ్ళు చేసేరట, అంతకు ముందు వాళ్ళూ చేసేరట, పదకొండేళ్లుగా జరుగుతూనే ఉందట. పొద్దున్నే వాళ్ళమ్మ పొట్టిక్కలు పొయ్యి మీద పెట్టగానే, పిల్లలు వంతులవారీగా పుస్తకాలు పట్టుకొస్తారట. మూత మీద పుస్తకం పెడితే ఆవిరికి మైదా మెత్తబడి పేజీ దానంతట అదే విడిపోతుందట. చదివేసిన తరవాత నాకు తెలియకుండా నాలుగు మెతుకులతో మళ్ళీ అంటించేవారట. తనది మాత్రం అంటించడం మర్చిపోయిందట, క్షమించాలిట. నీళ్ళు ఎన్ని డిగ్రీలకి మరుగుతాయో తెలియని పిల్లలండీ, ఆవిరితో చేసిన పని ఇది. ఆ పాఠాన్ని మూసిపెట్టి ఉంచితే మాకు మరీ చదవాలనిపించేది మాస్టారూ అంది. మిగతావన్నీ తెరిచే ఉన్నాయి కదా, ఎప్పుడైనా చదవచ్చని చదవలేదట.

ఇప్పుడు అర్థమైందా ఇక్కడ ఎందుకు కూర్చున్నానో? ఐదో ఫారంలో ఆ పాఠం చదవని వాడు ఒక్కడూ లేడు. స్కూలు మొత్తానికి చదవని వాణ్ణి నేనొక్కణ్ణే. ట్రైనింగులో ఆ పాఠం వచ్చిన వారం మా లెక్చరరు గారు సెలవు పెట్టేరు. నా పుస్తకం పదకొండేళ్ల కిందట అంటించి ఇచ్చినదే, ఇప్పటిదాకా తెరవలేదు. పిల్లల పుస్తకం అడగడానికి సిగ్గేసింది. ప్రభాకరాన్ని అడగడం కంటే గోదాట్లో దూకడం నయం. అందుకని తెల్లారకుండా వచ్చి రాఘవమ్మ గారి చేతిలో పెట్టేను. ఆవిడ ఏమీ అడగలేదండి. "మీరూ తెచ్చేరా మాస్టారూ" అని, మూత మీద పెట్టేరు. నాలుగు వాయిలు అయ్యేయి, పాత జిగురు కదా, ఇంకా విడలేదట. గట్టి జిగురు పెట్టేరు ఆ మాస్టారు, మహానుభావుడు. ఒకవేళ ఊడొస్తే గన్నవరం పడవ ఎక్కే లోపు ఆరు పేజీలూ బట్టీ పట్టాలి.

ఇంకోటి కూడా నిశ్చయించుకున్నాను. వచ్చే జూన్‌కి మైదా రెట్టింపు ఉడికించమని మా ఆవిడతో చెప్పేసేను. ప్రజననం జోలికి పోను. ఉష్ణము, కాంతి, అయస్కాంతము, మూడూ అంటించేస్తాను. ప్రభాకరం కుర్చీలో కూర్చుని ఎంత చెప్పుకుంటాడో చెప్పుకోమనండి, పిల్లలకి వచ్చేది మాత్రం నా జిగురు వల్లే. స్వీడన్ వాళ్ళు పాపం చట్టం దాకా వెళ్ళేరు, గిన్నెడు మైదాతో పోయే దానికి.

ఆయ్, వస్తున్నానండి రాఘవమ్మ గారూ. ఏమిటీ, విడిందా? అన్నీనా? రెండేనా? సర్లెండి, ఆ రెండే ఇలా ఇవ్వండి. గన్నవరం వాళ్ళకి మిగతా నాలుగూ ఇంటి దగ్గర చదువుకోమంటాను.